సగం తుడిచిన గీత

మా పిన్ని పనిచేసే ఫోరెన్సిక్ ప్రయోగశాలలో టీ రెండు రకాలు. ఒకటి మామూలు టీ. పొద్దునా సాయంత్రమూ వస్తుంది, ఎవరి కప్పు వాళ్లు కడుక్కోవాలి. రెండోది కలిసిన టీ. నేరం జరిగిన చోట పడిన గీతలూ, పట్టుకొచ్చిన పనిముట్టు గీతలూ సూక్ష్మదర్శిని కింద కలిసిపోయిన రోజున, కలిపిన మనిషి విభాగం మొత్తానికీ తెప్పించే టీ. దాంతో బిస్కెట్లు కూడా ఉంటాయి. ఈ ఆనవాయితీ ఎవరు మొదలుపెట్టారో తెలీదు. ఏ నిబంధనలోనూ లేదు. బహుశా అందుకే ఇన్నాళ్లు బతికింది.

పిన్నిది పనిముట్ల గుర్తుల విభాగం. తలుపు పెకలించిన స్క్రూడ్రైవర్లు, తాళాలు తెంపిన కటింగ్ ప్లేయర్లు, బీరువాల నోళ్లు తెరిపించిన ఇనపకడ్డీలు ఆవిడ దగ్గరి చుట్టాలు. స్క్రూడ్రైవరు మొన కంటికి నున్నగా కనిపిస్తుంది గానీ, పెద్దది చేసి చూస్తే వానలు వెలిసిన తర్వాతి రోడ్డే. ఆ గతుకులు లోహాన్ని రాసుకుంటూ పోతే వెంట్రుక కన్నా సన్నటి గీతలు పడతాయి. అనుమానం ఉన్న స్క్రూడ్రైవరుతో సీసపు పలక మీద ఒక గాటు పెట్టి, ఆ గాటునీ, దొంగతనం జరిగిన చోట దొరికిన గాటు అచ్చునీ రెండు గొట్టాల సూక్ష్మదర్శిని కింద పక్కపక్కన పెట్టి, అటూ ఇటూ జరుపుతూ కూర్చోవడమే ఉద్యోగం. కలిస్తే ఎడమ సగంలోని గీతలు కుడి సగంలోకి తెగకుండా పారతాయి. కలవకపోతే రోజంతా జరిపినా ఒకదానికొకటి ఎడమొహం పెడమొహమే. ఈ పని చేసీ చేసీ ఆవిడకు గీతలమ్మ అని పేరు పడింది. ఆ పేరు వెనక నవ్వేవాళ్లున్నారని ఆవిడకు తెలుసు. నవ్వనీ అంటుంది.

ఆమధ్య యూనివర్సిటీ నుంచి ఒక పరిశోధకురాలు వచ్చి ఉద్యోగ సంతృప్తి కొలుస్తానంది. ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక అంకె చెప్పాలట. నడుములు విరగ్గొట్టే కుర్చీలు, అటకెక్కిన కేసులు, కోర్టు వరండాల్లో పొద్దంతా కూర్చోబెట్టి రేపు రమ్మనడాలు, ఇచ్చిన రిపోర్టు చివరికి ఏమైందో ఒక్కడూ చెప్పకపోవడాలు... అన్నీ గుర్తొచ్చి అందరూ ఒకటీ, రెండూ చెప్పారు. సరే, ఇంత అసంతృప్తి ఉన్నచోట ఉద్యోగం వదిలేసి పోయినవాళ్లు ఎందరని వెతికితే వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. ఆ అమ్మాయి బుర్ర గోక్కుంది. పిన్ని దగ్గరికొచ్చి అంకెల సంగతి వదిలేసి నోటితో అడిగింది.

"న్యాయానికి సేవ చేస్తున్నానన్న తృప్తి మీకు ఉంటుంది కదా మేడమ్?"

"న్యాయం జడ్జిగారి డిపార్టుమెంటమ్మా. నాకు గీతలు కలిస్తే బాగుంటుంది."

"అంటే, నిజాన్ని వెలికి తీయడంలో..."

"అమ్మాయ్, జవాబులు ముందే రాసుకొచ్చావా? అలాగైతే సంతకం పెడతా, ఇటివ్వు."

పిన్ని చెప్పినదాంట్లో వెటకారం లేదు. మూగ సాక్ష్యాలకు నోరిచ్చేవాళ్లు, చనిపోయినవాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు లాంటి మాటలు సన్మానసభల్లో శాలువాతో పాటు కప్పడానికి పనికొస్తాయి. వాటిని తలచుకుంటూ ఎవరూ ఏళ్ల తరబడి సూక్ష్మదర్శినికి కళ్లప్పగించి కూర్చోలేరు. పిన్ని ఈ పనిని ఇష్టపడేది అది ఉన్నతమైనదని కాదు, తనకు బ్రహ్మాండంగా చేతనవుతుందని. ఇంత చిన్న సంగతి ఒప్పుకోవడానికి జనం ఎందుకంత మొహమాటపడతారో నాకు అర్థం కాదు. పిన్నికి ఆ మొహమాటం లేదు. "నాలాగా అచ్చు తీసేవాళ్లు ఇంకొకళ్లుంటే చూపించండి" అని పెళ్లిభోజనాల్లో కూడా అనగలదు. వినయం ఆవిడ ఒంటికి పడదు.

తాతయ్యది తాళంచెవులు చేసే దుకాణం. పిన్ని స్కూలు నుంచి వచ్చి దుకాణం బల్ల కింద కూర్చుని హోంవర్కు చేసుకునేది. ఒకే యంత్రం మీద కోసిన రెండు తాళంచెవుల్ని కళ్లు మూసుకుని వేలితో తడిమి ఏది ఏదో చెప్పడం ఆవిడ చిన్నప్పటి ఆట. పెద్దయ్యాక భౌతికశాస్త్రం చదివింది. ఆ చదువుతో కాలేజీలో పాఠాలు చెప్పుకోక, దొంగల సామాను కెలుక్కునే ఉద్యోగమేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. పెళ్లిచూపుల్లో బాబాయి మాత్రం, "పగలంతా కళ్లు చిట్లించుకునే పనా? మనకు కలిసొచ్చేదే" అన్నాడట. ఆయనది కళ్లజోళ్ల షాపు. ఇప్పటికీ పిన్నిని ఎవరైనా మెచ్చుకుంటే, "ఆ చూపుకి నంబరు రాసింది నేను" అని తన వాటా తీసుకుంటాడు.

ఇక్కడ చెప్పదలచుకున్నది ఒక బీరువా తలుపు కథ.

ఒక పాత వ్యాపార భవనంలో మూడో అంతస్తున గడియారాల షాపు. ఒకరోజు షాపు తెరిచేసరికి వెనక గదిలో బీరువా పగిలి ఉంది, ఖరీదైన గడియారాలు లేవు. అంతకుముందు రోజే ఆ భవనంలో లిఫ్టు బాగుచేసి వెళ్లిన మెకానిక్ ఒకడున్నాడు. పోలీసులు వాడి సంచి వెతికితే ఎర్రపిడి స్క్రూడ్రైవరు దొరికింది. గడియారాలు దొరకలేదు. మెకానిక్‌ని లోపల వేశారు. బీరువా తలుపు ఊడదీసి, స్క్రూడ్రైవరు జతచేసి ప్రయోగశాలకు పంపారు. అడిగిన ప్రశ్న ఒక్కటే: తలుపు మీది గాటు ఈ స్క్రూడ్రైవరుతో పడిందేనా?

వెనకే ఇన్‌స్పెక్టరు ఫోన్.

"మేడమ్, మిగతాదంతా రెడీ. మీ ఒక్క మాటే తరువాయి. అదొస్తే వాడు బయటికి రావడం కల్ల."

"రాకపోతే?"

"వాడి లాయరు ఒంటికాలి మీద ఉన్నాడు మేడమ్. మీరు కాదంటే రేపే ఇంటికి తీసుకుపోతాడు."

ఆ మనిషి ఇంటికి పోతాడా, లోపలే ఉంటాడా అన్నది తన బల్ల మీదికొచ్చి పడిందని పిన్నికి అర్థమైంది. అలాంటివి పట్టించుకోకూడదని వాళ్లకు నేర్పుతారు. పిన్ని కూడా పట్టించుకోలేదు, లేదా పట్టించుకోలేదని చెబుతుంది.

తలుపు మీద తాళం పక్కన రెండు గాట్లున్నాయి, ఒకదాని పక్కన ఒకటి. ఒకటి మసకగా, ఇంకోటి తళతళలాడుతూ. పిన్ని అలవాటు ప్రకారం ముందు ఫోటోలు తీసింది. పక్కనుంచి లైటు వేసి, ఆ వైపునుంచీ ఈ వైపునుంచీ, పైనుంచీ కిందనుంచీ. పెళ్లికూతురికి కూడా ఇన్ని ఫోటోలు తీయరని విభాగాధిపతి ఎప్పుడూ దెప్పుతుండేవాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. మనిషి చెడ్డవాడు కాదు. పై ఆఫీసు నుంచి ఫోన్ రాని రోజే ఆయనకు పండగ.

రెండు గాట్లలో స్పష్టంగా ఉన్నదాన్ని ముందు పట్టుకుంటారు. ఎవరైనా అంతే చేస్తారు. పిన్ని తళతళలాడే గాటుకి, తుడవాల్సినంత మురికి లేదు గనక నేరుగా, మెత్తటి రబ్బరుతో అచ్చు తీసింది. ఎర్రపిడి స్క్రూడ్రైవరుతో సీసపు పలక మీద గాటు పెట్టింది. రెండూ సూక్ష్మదర్శిని కింద పెట్టి మెల్లగా జరిపింది. ఒకచోట ఆగింది. గీతలన్నీ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటిపోయాయి. లావుపాటివి, సన్నవి, మధ్యలో వంకరపోయిన ఒక జంట గీత కూడా. ఇంత శుభ్రంగా కలవడం తన సర్వీసులోనే అరుదని పిన్ని ఇప్పటికీ చెబుతుంది. ఆ చెప్పేటప్పుడు, తర్వాత జరిగిందంతా తెలిసీ, ఆవిడ మొహం వెలుగుతుంది.

"రండి, రండి. అందరూ వచ్చి చూడండి."

వచ్చారు. ఒక్కొక్కళ్లే కన్ను ఆనించి చూశారు. పక్క విభాగంలో గాజుపెంకులు చూసే ఆయన, "అతుకే కనపట్టం లేదు గీతలమ్మా" అన్నాడు. టీ వచ్చింది. బిస్కెట్లు వచ్చాయి. పెద్దాయన రెండు బిస్కెట్లు తిని, హుషారుగా తన గదిలోకెళ్లి ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేసి "కలిసిందయ్యా" అని చెవిన వేశాడు.

కప్పు కడిగేసి పిన్ని మిగిలిన పని ముగిద్దామని కూర్చుంది. మసక గాటుకీ అచ్చు తీయాలి. తీసేముందు శుభ్రం చేయాలి. మెత్తటి కుంచె ద్రావకంలో ముంచి, గాటు ఒక చివరినుంచి తుడవడం మొదలుపెట్టింది. కుంచెకు నల్లగా అంటింది. మసి అనుకుంది. ఇంకొంచెం తుడిచింది. ఇంకా నలుపు. సగందాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది.

ఆ నలుపు వేలిముద్రల పొడి. దొంగతనం తెలిసిన రోజు వేలిముద్రల వాళ్లొచ్చి తాళం చుట్టూ చల్లి పోయిన పొడి. మసక గాటు మసకగా ఉన్నది అందుకే, గీతల నిండా అది కూరుకుంది. మరి పక్కనే ఉన్న తళతళ గాటులో ఈ పొడి ఎందుకు లేదు?

తాను తీసిన ఫోటోలు తెరిచి పెద్దవి చేసింది. తళతళ గాటులో పొడి రేణువు లేదు. కానీ దాని రెండు అంచులా పొడి గట్టు కట్టి ఉంది, నాగలి పోయిన చాలుకి అటూ ఇటూ మట్టి లేచినట్టు. అంటే పొడి చల్లినప్పుడు ఆ గాటు లేదు. పొడి మీదనుంచి స్క్రూడ్రైవరు గీసుకుపోయింది. దొంగ వచ్చి పోయాక, వేలిముద్రల వాళ్లు వచ్చి పోయాక, ఎవరో ఆ స్క్రూడ్రైవరుని ఆ తలుపులో పెట్టారు.

ఎవరో అని ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పనిముట్టు దొరగ్గానే గాటులో పెట్టి సరిపోతుందో లేదో చూడాలని ప్రతి పోలీసుకీ చెయ్యి దురద పుడుతుంది. పెట్టకూడదని ప్రతి శిక్షణలో చెబుతారు. ప్రతి శిక్షణలో అందరూ తలలాడిస్తారు.

పిన్ని కుంచె కింద పెట్టేసింది. తుడిచిన సగానికి అచ్చు తీసింది. తుడవని సగాన్ని అలాగే వదిలేసి పైన గాజుపలక కప్పింది. అచ్చు చూస్తే, మసక గాటు పెట్టిన పనిముట్టు వెడల్పే వేరు. అంచు కొంచెం వంపు తిరిగిన కడ్డీ ఏదో. ఎర్రపిడి స్క్రూడ్రైవరు కానే కాదు.

పెద్దాయన గదికి వెళ్లింది. ఫోటోలు బల్లమీద పరిచింది. ఆయన చూశాడు, అర్థం చేసుకున్నాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"గీతలమ్మా, మనల్ని ఏమడిగారు?"

"గాటు ఈ స్క్రూడ్రైవరుదేనా అని."

"అవునా, కాదా?"

"అవును సార్. కానీ..."

"అవునని రాయి. అబద్ధం కాదుగా. ఎప్పుడు పడింది, ఎవరు పెట్టారు, ఇవన్నీ అడిగారా? అడగనిదానికి జవాబు చెప్పడం మన పని కాదు. పైగా నేను ఫోన్ కూడా చేసేశాను."

"మీ ఫోన్ మీరు చేశారు. నా రిపోర్టు నేను రాస్తాను."

"రేపు స్టేషనువాళ్లు మనమీద కత్తులు నూరుతారు. నీకేం, కోర్టులో చెప్పి వచ్చేస్తావు. వాళ్ల పై ఆఫీసరు ఫోన్లు ఎత్తేది నేను."

"ఎత్తి నాకివ్వండి సార్. మాట్లాడతాను."

"అదే నా భయం" అన్నాడు పెద్దాయన.

ఆరోజు ఇంట్లో పిన్ని మొహం గంటు పెట్టుకుని కూర్చుంది. బాబాయి కూరగాయలు తరుగుతూ అంతా విన్నాడు.

"ఏమండీ, ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఒక్కముక్క అబద్ధం లేదు. అదే నన్ను తినేస్తోంది" అంది.

"చూడూ, నా షాపుకొచ్చినవాడు ఈ ఫ్రేము నాకు నప్పిందా అని అడుగుతాడు. నప్పిందంటాను. అది నిజమే. కానీ కంట్లో పొర కనిపిస్తే? వాడు అడిగింది ఫ్రేము గురించే కదా అని అద్దాలు బిగించి పంపించేయనా?"

"మీరు ఇలా తూకంగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది."

"నిజం చెప్పాననా?"

"నేను రాయబోయేది ముందే చెప్పేశారని. వంకాయ ముక్కలు నీళ్లలో వేయండి, నల్లబడుతున్నాయి."

మర్నాడు రిపోర్టు రాసింది. అడిగిన ప్రశ్నకు జవాబు రాసింది: తళతళ గాటు ఈ స్క్రూడ్రైవరుతో పడిందే. దాని కింద అడగని రెండు వాక్యాలు చేర్చింది. ఆ గాటు వేలిముద్రల పొడి చల్లిన తర్వాత పడింది. పొడి చల్లకముందే ఉన్న గాటు ఈ స్క్రూడ్రైవరుతో పడింది కాదు. ఫోటోలు జతచేసింది.

పెద్దాయన పెన్ను పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఈ రెండు వాక్యాలు తీసేస్తే కాగితం ఎంత నీటుగా ఉండేదో."

"తీసేయండి సార్. కింద నా సంతకం కూడా తీసేయండి."

ఆయన గొణుక్కుంటూనే తన సంతకం పెట్టాడు. పెట్టాడన్నది రాసి తీరాలి, ఎందుకంటే పెట్టకపోవడం ఆయన చేతిలో పనే.

కోర్టులో మెకానిక్ బోనులో నిలబడ్డాడు. పిన్ని వాడి మొహం చూడ్డం అదే మొదలు. ఎత్తుగా, కొంచెం వంగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి. వాడి అక్క వెనక బెంచీలో కూర్చుంది. పిన్ని సాక్ష్యం మొదలవగానే, మొదటి వాక్యానికి, గాటు స్క్రూడ్రైవరుదేనన్న వాక్యానికి, ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. మిగతా రెండు వాక్యాలు వచ్చేదాకా ఆ మనిషిని అలా ఉంచడం తన సర్వీసులో చేసిన అన్నిటికన్నా కష్టమైన పని అంటుంది పిన్ని. కానీ వరస మార్చలేదు. ఉన్నది ఉన్నట్టు, ఉన్న క్రమంలో చెప్పాలి.

ప్రభుత్వ న్యాయవాది లేచాడు. ఆయనకు చిరాగ్గా ఉంది. ఉండదా మరి.

"దుమ్మూ ధూళీ చూసి గాటు వయసు చెప్పేస్తారా మేడమ్?"

"దుమ్ము కాదండీ, వేలిముద్రల పొడి. వయసు చెప్పలేదు. ఏది ముందో ఏది వెనకో చెప్పాను."

"మీరే తుడిచారుగా. తుడిచినప్పుడు పొడి పోయి ఉండొచ్చుగా?"

"తుడిచింది ఆ రెండో గాటుని, అదీ సగమే. మిగతా సగం అలాగే ఉంది. తలుపు ఇక్కడే ఉంది. భూతద్దం తెచ్చాను."

జడ్జి భూతద్దం తీసుకుని తలుపు దగ్గరికి దిగొచ్చాడు. తుడిచిన సగం తెల్లగా, తుడవని సగం నల్లగా, పక్కనే అంచులకు గట్టు కట్టుకున్న తళతళ గాటు. ఆయన చాలాసేపు చూశాడు. పిన్ని గొంతు సవరించుకుని, "ఇంకొంచెం పక్కనుంచి చూడండి, బాగా కనిపిస్తుంది" అంది, తన ఇంట్లో కొత్త సామాను చూపిస్తున్నట్టు.

తర్వాత ఇన్‌స్పెక్టర్ని పిలిచారు. ఆ స్క్రూడ్రైవరుని తలుపు గాటులో పెట్టారా అని జడ్జి సూటిగా అడిగాడు. ఇన్‌స్పెక్టరు, మనిషిలో ఏదో నికార్సైనది ఉండబట్టే, ఒప్పుకున్నాడు.

"సరిపోతుందేమో చూద్దామని పెట్టి చూశాను సార్. ఒక్కసారే. కొంచెం బిగుతుగా ఉంటే నొక్కాను, పక్కకి జారింది."

కోర్టులో ఎవరో ఫక్కున నవ్వి ఆపుకున్నారు. మెకానిక్ నవ్వలేదు. నొక్కాను అన్న మాట దగ్గర వాడు మొదటిసారి తలెత్తి ఇన్‌స్పెక్టర్ని చూశాడు.

వాడిని వదిలేశారు. ఈ సంగతి పిన్నికి చెప్పింది కూడా ఇన్‌స్పెక్టరే. ఏ కేసు ఏమైందో ప్రయోగశాలకు చెప్పే ఆచారం లేదు కదా, ఆయన ఫోన్ చేశాడు.

"వదిలేశారు మేడమ్. మీ చలవే."

"మీరు ఒప్పుకోకపోతే నా ఫోటోలు ఒక్కటే ఏం చేస్తాయండీ."

"అసలువాడిని పట్టుకుని ఏదైనా కడ్డీ దొరికితే పంపుతాను. ఈసారి పెట్టి చూడను లెండి" అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఆ స్టేషను నుంచి వచ్చే ప్రతి పనిముట్టు మొనకీ అప్పట్నుంచి రబ్బరు గొట్టం ముక్క తొడిగి ఉంటుంది. విభాగంలో వాటికి ఇన్‌స్పెక్టరుగారి టోపీలు అని పేరు.

పిన్ని ఫోన్ పెట్టేసి విషయం చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గాజుపెంకులాయన తన పెంకుల్లోకి వెళ్లిపోయాడు. కాసేపటికి టీ వచ్చింది, బిస్కెట్లతో సహా. పిన్ని తెప్పించలేదు. ఎవరిదని చూస్తే, పెద్దాయన తన గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏం కలిసిందని సార్ ఈ టీ?"

"కలవలేదుగా. అందుకే."

"ఇలాంటి ఆనవాయితీ మనకు లేదు."

"లేకపోతే తాగకమ్మా. కప్పు ఇటివ్వు."

పిన్ని ఇవ్వలేదు. కప్పు పట్టుకుని తన బల్ల దగ్గరికొచ్చి సొరుగు లాగింది. అందులో మసక గాటు అచ్చు ఉంది, దూదిలో పెట్టి, పైన కేసు నంబరు వేసి. కొత్తగా వంపు అంచు కడ్డీ ఏది వచ్చినా ముందు దానితో పోల్చి చూస్తుంది. ఇంతవరకూ కలవలేదు. ఆ పరిశోధకురాలు చివరికి అంకె చెప్పందే కదలనంటే, పిన్ని ఆ సొరుగు తీసి చూపించి, "ఇది కలిసిన రోజు ఐదు వేసుకో. అందాకా నాలుగు రాయి" అందట.

"నాలుగు చాలా ఎక్కువ మేడమ్, ఇక్కడ ఎవరూ చెప్పలేదు" అందట ఆ అమ్మాయి.

"వాళ్లు కుర్చీ గురించి చెప్పుంటారు" అని పిన్ని సూక్ష్మదర్శిని వైపు తిరిగింది.